ముందు దూలాలు

ఒక ఊళ్లో ముగ్గురు అన్నదమ్ములుండేవారు. ఊరంతా వాళ్లను పెద్దోడు, నడిపోడు, చిన్నోడు అనే పిలిచేది. పెద్దోడిది బండలాంటి ఒళ్లు. నడిపోడు ఒక మోస్తరు. చిన్నోడు చురుకైనవాడే గానీ తొందరగా అలిసిపోయేవాడు.

ఏటా తిరునాళ్లలో కోవెల ముందు రాతి గుండు ఎత్తే పందెం జరిగేది. కిందటేడు పెద్దోడు గుండును గుండెల దాకా తెచ్చాడు. అక్కణ్ణుంచి పైకి తొయ్యలేక వదిలేశాడు. ఆ అవమానం ఏడాదంతా వాణ్ణి నమిలేసింది. ఇక నాలుగు నెలల్లో తిరునాళ్లనగా వడ్రంగి తాత దగ్గరికి పోయి మొర పెట్టుకున్నాడు.

"తాతా, పైకి తోసే బలం కావాలి."

"పెంకుటింటి పని పట్టానురా. తాటి దూలాలు ఎక్కించాలి. దూలాన్ని గుండెల దగ్గరికి తెచ్చి గోడ మీదికి తోస్తూ ఉంటే నీకు కావలసిన బలం అదే వస్తుంది. తమ్ముళ్లను కూడా తీసుకురా. నడుమ నువ్వు, చెరో కొసన వాళ్లు" అన్నాడు తాత. ఏ పని ముందు చేయాలో మాత్రం చెప్పలేదు. సాయంత్రం వచ్చి ఎన్ని దూలాలెక్కాయో చూస్తానన్నాడంతే.

మొదటి రోజు చిన్నోడి మాట నెగ్గింది. "పొద్దున్నే బరువులెందుకన్నా? పెంకులు అందించేసి ఒళ్లు వేడెక్కాక దూలాల సంగతి చూద్దాం." తమ్ముళ్లిద్దరూ నిచ్చెన మీద నిలబడి మధ్యాహ్నం దాకా పెంకులు అందించారు. అన్నం తిన్నాక దూలం పట్టారు. ఒకటి ఎక్కింది. రెండోది ఎక్కింది. మూడోది గుండెల దాకా వచ్చాక చిన్నోడి చేతులు వణికి కొస జారింది. ఒక కొస జారితే దూలం నిలుస్తుందా? కిందికి దించేయక తప్పలేదు.

"నాకింకా చెమటైనా పట్టలేదు తాతా!" అని పెద్దోడు వాపోయాడు.

"నీకు పట్టదురా. పని ఆగింది నీ బలం అయిపోయిన చోట కాదు. వాడి బలం అయిపోయిన చోట."

పెద్దోడు రాత్రంతా ఆలోచించాడు. ముందు నేనొక్కణ్ణే అలిసిపోతే సరి, తర్వాత దూలం దగ్గర నా బలమంతా బయటికొస్తుంది అనుకున్నాడు. రెండో రోజు తమ్ముళ్లను చెట్టు కింద కూర్చోబెట్టి, పొద్దంతా ఒక్కడే మోకు పట్టి దుంగలు లాగాడు. ఎండ వాలాక ముగ్గురూ దూలం కిందికి చేరారు. నడుమ ఉన్నవాడి పట్టు సడలిపోయి ఉంది. బరువంతా కొసల మీదికి పోయింది. తమ్ముళ్లు పళ్లు బిగించి తోశారు, అన్న చేతులు మాత్రం ఊరికే దూలానికి ఆని ఉన్నాయి. ఎక్కినవి రెండే, అవి కూడా వంకరగా.

అయినా పెద్దోడు సంతోషంగానే ఉన్నాడు. "ఇవాళ ఒళ్లంతా సలుపుతోంది తాతా. పని బాగా జరిగినట్టే!"

తాత గోడవైపు చూశాడు. "సలుపు నీ ఒంట్లో ఉంది. దూలాలేవిరా?"

మూడో రోజు తాతే దగ్గరుండి వరస చెప్పాడు. చల్లటి పొద్దున్నే దూలాలు. ఒకటి ఎక్కించాక మజ్జిగ తాగి, ఊపిరి కుదురుకునే దాకా కూర్చుని, అప్పుడే రెండోది. అలా ఏడు ఎక్కాయి. తర్వాత వాసాలు. ఆ తర్వాత పెద్దోడు ఒక్కడే కాసేపు మోకు లాగాడు. చిట్టచివర చిన్నోడి పెంకులు. నాలుగో రోజు తాత ఇంటి ముందు నిలబడి కళ్లు చికిలించి చూసి, "వసారా దూలం కాస్త కుంగింది. రేపు ముందు దాన్నే పట్టండి. మిగతావి తర్వాత" అన్నాడు.

తిరునాళ్ల రోజు గుండు లేచింది.

ఈ కథకు నీతి ఇది: తాజా బలం రోజుకొక్కసారే ఉంటుంది, దాన్ని అన్నిటికన్నా అవసరమైన పనికి ముందుగా ఇవ్వాలి, ముగ్గురు కలిసి మోసే బరువును మోయడానికి ముందు వాళ్లలో చిన్నవాణ్ణి అలిసిపోనివ్వకూడదు.

జిమ్‌లో బెంచ్ మీద పడుకున్న ప్రతి మనిషి ఒంట్లోనూ ఈ అన్నదమ్ములున్నారు. ఛాతీ కండ పెద్దోడు. భుజం ముందు భాగం నడిపోడు. చేతికి వెనకవైపుండే ట్రైసెప్స్ చిన్నోడు. బెంచ్ ప్రెస్ ముగ్గురూ కలిసి ఎత్తే దూలం. ఫ్లై, పెక్ డెక్, కేబుల్ క్రాసోవర్ లాంటివి ఛాతీ దాదాపు ఒంటరిగా లాగే మోకు. ట్రైసెప్స్ పుష్‌డౌన్ పెంకులు అందించడం.

సోమవారం సాయంత్రం ఏ జిమ్‌కైనా వెళ్లి చూడండి. అమీర్‌పేట హాస్టళ్ల కుర్రాళ్లయినా, ఆఫీసు నుంచి నేరుగా వచ్చిన ఉద్యోగులైనా, ఆ రోజు అందరికీ ఛాతీ రోజే. బెంచ్ దగ్గర వరస ఉంటుంది, పెక్ డెక్ ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్నదాని మీద కూర్చుని నాలుగు సెట్లు లాగేసి, కండ ఉబ్బింది కదా అని తృప్తిపడి, తర్వాత బార్ కిందికి వెళ్తారు. అంతకుముందు వారం పది సార్లు ఎత్తిన బరువు ఏడుసార్లకే ఆగిపోతుంది. బలం తగ్గిందని బెంగపడతారు. తగ్గలేదు, అప్పటికే ఖర్చయిపోయింది. బెంచ్ ఖాళీ లేకపోతే డంబెల్స్ తీసుకుని ప్రెస్ చేయండి. అది కూడా దూలమే.

ఛాతీని ముందే అలసగొట్టి ప్రెస్‌కు వెళ్తే ఛాతీ మీదే భారం పడుతుందన్న నమ్మకం పాతది. బాడీబిల్డర్లు దాన్ని ప్రీ ఎగ్జాస్ట్ అంటారు. పెద్దోడు రెండో రోజు చేసింది అదే. 2009లో వెలువడిన ఒక ప్రయోగంలో ఫ్లై చేసిన వెంటనే బెంచ్ ప్రెస్ చేయించి కండరాల్లోని విద్యుత్ సంకేతాలను కొలిచారు. ఛాతీలో చురుకుదనం పెరగలేదు. పెరిగింది ట్రైసెప్స్‌లో. అన్న అలిసిపోతే భారం చిన్నోడి మీద పడిందన్నమాట. పెద్ద కండలు చిన్న కండలకన్నా ముందు, ఎక్కువ కీళ్లు కదిలే వ్యాయామాలు ఒక్క కీలు కదిలేవాటికన్నా ముందు అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ కూడా 2009లోనే సూచించింది.

ఇక్కడొక నిజాన్ని దాచకుండా చెప్పాలి. వరస ఒక్కటే కండను పెంచదు. ఈ విషయం మీద జరిగిన పరిశోధనలన్నిటినీ కలిపి చూసినప్పుడు, ముందు చేసిన వ్యాయామంలో బలం ఎక్కువగా పెరిగిందని తేలింది. కండ పరిమాణం మాత్రం ఏ వరసలో చేసినా ఇంచుమించు ఒకేలా పెరిగింది. ఏ వరసలో ఎక్కించినా ఇల్లు చివరికి లేస్తుంది, దూలాలు తగినన్ని ఎక్కితే. అలిసిపోయాక చేసే వ్యాయామంలో ఆ లెక్క తగ్గిపోకుండా చూసుకోవడమే కష్టం. అందుకే నెలల తరబడి బరువు పెంచుకుంటూ పోవాలనుకునేవాళ్లకు ప్రెస్ ముందు రావడమే మంచిదని నా నమ్మకం.

కొత్తగా మొదలుపెట్టినవాళ్లకు నేను చెప్పేది ఇలా ఉంటుంది. 20 కిలోల ఖాళీ బార్‌తో మొదలుపెట్టి రెండు మూడు విడతల్లో బరువు పెంచుతూ ఒళ్లు వేడి చేసుకోవాలి. చిన్నోడు కోరుకున్న వేడి ఇదీ, పెంకుల మోత కాదు. తర్వాత బెంచ్ ప్రెస్ మూడు నాలుగు సెట్లు, సెట్‌కు 6 నుంచి 10 సార్లు. సెట్ల మధ్య రెండు మూడు నిమిషాలు కూర్చోవాలి. మజ్జిగ తాగే ఆ విరామం బద్ధకం కాదు, మరుసటి దూలానికి పెట్టుబడి. తర్వాత ఏటవాలు బెంచ్ మీద ఇంక్లైన్ డంబెల్ ప్రెస్ మూడు సెట్లు. ఆ తర్వాత ఫ్లై రెండు మూడు సెట్లు, తేలిక బరువుతో 12 నుంచి 15 సార్లు. ట్రైసెప్స్ చిట్టచివర.

వసారా కుంగినవాళ్లు వరస మార్చుకోవాలి. ఛాతీ కండలో పైభాగం కాలర్‌బోన్ నుంచి మొదలవుతుంది. బెంచ్‌ను సుమారు 30 డిగ్రీలు ఏటవాలుగా పెడితే ఆ భాగానికి పని ఎక్కువ పడుతుంది. చాలామందిలో వెనకబడేది అదే. అలాంటివాళ్లు కొన్ని నెలలు ఇంక్లైన్‌నే మొదట చేసి, ఫ్లాట్ బెంచ్‌ను రెండో స్థానంలో పెట్టుకోవచ్చు. ఇంట్లో దండేలు తీసేవాళ్లకూ ఇదే లెక్క. కాళ్లు అరుగు మీద పెట్టి తీసే కష్టమైన దండేలు ముందు, మామూలువి తర్వాత.

ఏ వరస మీకు పనికొస్తోందో తెలియాలంటే ఒక చిన్న నోట్‌బుక్ పెట్టుకోండి. తేదీ, బరువు, ఎన్నిసార్లు ఎత్తారో రాయండి. మర్నాటి సలుపు లెక్క తప్పుతుంది, నోట్‌బుక్ తప్పదు.

మరో మాట, ఇది అన్నిటికన్నా ముఖ్యం. వరస తప్పిన రోజు, ట్రైసెప్స్ ముందే అలిసిపోయిన రోజు, బరువైన బార్ కిందికి ఒంటరిగా వెళ్లకండి. చిన్నోడి చెయ్యి జారితే కథలో దూలం కిందికి దిగింది, బెంచ్ మీద బార్ దిగేది మీ గుండెల మీదికో గొంతు మీదికో. పక్కనున్న మనిషిని పిలిచి తల దగ్గర నిలబడమనండి. ఎవరూ లేకపోతే ఆ రోజుకు డంబెల్స్‌తో సరిపెట్టుకోండి.