చెప్పకపోతే తప్పేమిటి?

మొన్న వేసవిలో మా ఇంటి వరండాలో పది రోజులపాటు ఒక మోటారు సైకిలు పేగులు బయట పెట్టుకుని పడుకుంది. మామూలు బండి కాదు. ఎక్కినవాడు దానికి సాష్టాంగపడుతున్నట్టు ముందుకు వంగి నడపాలి. స్పోర్ట్సు బండి అంటారు. కంపెనీ పేరు చెప్పను. జరిగినదాంట్లో కంపెనీవారి తప్పు ఆవగింజంత కూడా లేదు. తప్పంతా మా పుత్రరత్నానిదే. అందులో నాకూ వాటా ఉందని తరువాత తేలింది గానీ, ఆ సంగతి చివర చెప్తాను.

మా వాడికి ఇరవై రెండేళ్ళు. పక్కనుంచి చూస్తే బండికి ఒక్క తీగె, ఒక్క పెట్టె కూడా కనిపించకూడదని వాడి ముచ్చట. అందుకని రెగ్యులేటరు, ఫ్యూజుల పెట్టె, రిలేలు అన్నిటినీ కంపెనీవాళ్ళు బిగించిన చోటి నుంచి ఊడదీసి, సీటు వెనకాల ఉండే ప్లాస్టిక్ డొప్పలోకి చేర్చేశాడు. పొడవు చాలని తీగెలను మధ్యలో కోసి అతుకులు వేశాడు. నేను బి.ఏ. చదివి నవలలు రాసుకునేదాన్ని. కరెంటు గురించి నాకు తెలిసిందల్లా ఫ్యాను తిరగడం, తిరక్కపోవడం. అయినా కాఫీ గ్లాసుతో పక్కన నిలబడి రెండు ముక్కలు నేర్చుకున్నాను. బ్యాటరీ విప్పేటప్పుడు మైనస్ తీగె ముందు తీయాలట. ప్లస్ ముందు విప్పబోతే, పానా పొరపాటున బండి చట్రానికి తగిలిందంటే నిప్పురవ్వలు లేస్తాయట. ఇంత జాగ్రత్తగా చేస్తున్నాడు కదా అని మురిసిపోయాను కూడా. వస్తువులు కంటికి ఆనకుండా సర్దడమంటే మన ఆడవాళ్ళకి ఎప్పుడూ ముచ్చటే కదా!

పదకొండో రోజున ఆ బండి మీద సూర్యాపేట నుంచి కోదాడ బయల్దేరాడు. మా తమ్ముడు అక్కడ వకీలు. నేను బస్సులో ముందే వెళ్ళి కూచున్నాను. హైవే మీద సుమారు 45 కిలోమీటర్ల దూరం, గంటలో రావలసినవాడు రెండున్నర గంటలకు వచ్చాడు. మునగాల దాటాక హెడ్‌లైటు ఒకసారి భగ్గుమనీ ఒకసారి మినుకుమనీ వెలగడం మొదలుపెట్టిందట. సీటు కింద నుంచి కాలిన వాసన. చేయి పెడితే కాలిపోతోందట.

కోదాడలో మెకానిక్ డొప్ప విప్పి చూసి నావైపు తిరిగాడు. "గాలి తగలాలె గదమ్మా దీనికి! మూసిపెడితే ఉడుకుతది" అన్నాడు. పాపం, ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ఇంజను తిరిగినప్పుడు పుట్టే కరెంటు అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. దాన్ని ఒకే దారిన నడిపించి, బ్యాటరీకి ఎంత కావాలో అంతే అందించి, ఎక్కువైనదాన్ని అదుపు చేసేది రెగ్యులేటరు. ఆ పని చేస్తున్నంతసేపూ అది వేడెక్కుతూనే ఉంటుంది. వేడి పోవాలంటే గాలి తగలాలి. అందుకే కంపెనీవాళ్ళు దాన్ని గాలి వీచే చోట, ఇనుముకి ఆనించి బిగిస్తారు. మీటరు పెట్టి చూస్తే పద్నాలుగు చిల్లర చూపించవలసినది పదహారు వోల్టులు చూపించింది. రెగ్యులేటరు పాడైంది, దానితోపాటు బ్యాటరీ ఆయువూ కొంత తరిగింది.

పనిచేసేదానికి వేడి తప్పదు, వేడి పోవడానికి కాస్త గాలి కావాలి అన్నమాట నాకు బాగా పట్టింది. మా అత్తగారింటి వంటింట్లో కిటికీ లేదు. అప్పట్లో నేను ఎందుకు అంత రుసరుసలాడేదాన్నో కోదాడ మెకానిక్ చెప్తే గానీ తెలియలేదు!

సరే, కొత్త రెగ్యులేటరు కొని, బుద్ధిగా దాని పాత చోటే బిగించారు. తక్కినవి మాత్రం డొప్పలోనే ఉండిపోయాయి. తీగెల అతుకులు కూడా అలాగే ఉన్నాయి. బండి చక్కగా నడుస్తోంది. ఇక్కడే అసలు సమస్య మొదలైంది. మా వాడికి హైదరాబాదులో చదువు కుదిరింది, ఫీజు కట్టాలి. బండి అమ్మేస్తానన్నాడు. మా తమ్ముడికి తెలిసిన మిర్యాలగూడ మిల్లు గుమాస్తాగారొకరు తన కొడుక్కి కొంటానన్నారు. తొంభై వేలకు బేరం కుదిరింది.

బయల్దేరే ముందు రాత్రి భోజనాల దగ్గర అడిగాను. "ఒరే, ఈ మార్చిన సంగతులన్నీ వాళ్ళకి చెప్పావా?"

"ఎందుకమ్మా? ఇప్పుడు బాగానే నడుస్తోంది కదా. వాళ్ళు అడిగితే చెప్తాను. అడక్కపోతే నేను చెప్పిన అబద్ధం ఏముంది?"

మా తమ్ముడు మేనల్లుడి పక్షం. "చట్టం కూడా అదే అంటుంది అక్కా" అన్నాడు. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ఒకటుందట. ఆర్.సి.లో నమోదైన వివరాలకు, కంపెనీ చెప్పిన వాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదట. కానీ ఫ్యూజుల పెట్టె ఎక్కడుండాలో ఆర్.సి.లో రాయరు కదా! ఇక అమ్మకం మాటకొస్తే, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను కింద ఒక ఉదాహరణ ఉందట. రోగపు గుర్రమని తెలిసీ, ఆ మాట ఎత్తకుండా వేలంలో అమ్మితే అది మోసం కాదు.

"అంతేనా? తరువాతేమీ లేదా?" అన్నాను. తమ్ముడు నవ్వాడు. "నువ్వు వకీలువి కావలసిందక్కా. తరువాత ఇంకోటి ఉంది. కొనేది అమ్మేవాడి కూతురై, అప్పుడే మైనారిటీ తీరినదైతే, ఆమెకు గుర్రం సంగతి చెప్పడం అతని విధి. ఆ బంధుత్వం వల్ల విధి అవుతుందన్నమాట."

నాకు అన్నం ముద్ద గొంతు దిగలేదు. నూట యాభై ఏళ్ళ కిందట ఈ చట్టం రాసినవాళ్ళకి మనిషి మనసు ఎంత బాగా తెలుసో చూడండి! కన్నకూతురికైతే చెప్పాలని వాళ్ళకి తోచింది. అంటే చెప్పదగిన సంగతేనన్నమాట. చెప్పకపోతే హాని ఉందన్నమాట. పరాయి పిల్ల అయ్యేసరికి ఆ హాని మాయమవుతుందా? గుర్రం కింద పడేస్తే పరాయి పిల్లకి ఎముకలు విరగవా? మోసం కానిదల్లా మంచిది అయిపోదు కదా. చట్టం గీసింది ఇంతకన్నా దిగజారకూడదనే గీత. అక్కడే ఆగిపొమ్మని చట్టం కూడా చెప్పలేదు.

మార్చడం తప్పని నేననను. మిర్యాలగూడ చుట్టుపక్కల పొలాలు తడిపే నీళ్ళు నాగార్జునసాగర్ ఎడమ కాలువవి. 1955లో ఆ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లోయలో మునిగిపోయే బౌద్ధ కట్టడాలు కొన్నిటిని ఊడదీసి, కొండమీదకీ కుడి గట్టున అనుపుకీ తరలించి తిరిగి కట్టారు. చిన్నప్పుడు అనుపులో రంగస్థలం మెట్ల మీద కూచుని ఉప్మా తిన్నాం. ఇది మొదటినుంచీ ఇక్కడే ఉందని అక్కడ ఎవరూ నమ్మించబోరు. లోయలో బయటపడింది, తెచ్చి ఇక్కడ నిలబెట్టాం అని చెప్పే చూపిస్తారు. చెప్పినందువల్ల దాని విలువ తగ్గిందా? మేమైతే మరీ శ్రద్ధగా చూశాం.

ఇదంతా ఆవేశంగా చెప్పాను. మా వాడు మజ్జిగ కలుపుకుంటూ నెమ్మదిగా అన్నాడు. "మరి పై పోర్షను అద్దెకిచ్చేటప్పుడు నువ్వు బీరువాని ఈ గోడ నుంచి ఆ గోడకి ఎందుకు జరిపించావమ్మా? వెనకాల గోడ చెమ్మగిల్లిందనే కదా?"

తమ్ముడు తలవంచుకుని తింటున్నాడు. మరదలు పచ్చడి తెస్తానని లోపలికి వెళ్ళిపోయింది. నేను నోరు మెదపలేదు.

వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. "బీరువా కూడా వాడుకోండి" అన్నాను, అదేదో ఉపకారం చేస్తున్నట్టు. అప్పుడు నాకు అబద్ధమాడినట్టే అనిపించలేదు సుమండీ! నోటితో చెప్పేదే అబద్ధమని చిన్నప్పటినుంచీ మనకి అలవాటు. ఆ పనిని చేతులు కూడా చేయగలవని మనం గమనించుకోం. తీగెని డొప్పలో దాచడమైనా, చెమ్మని బీరువా వెనక దాచడమైనా ఒకటే. పెళ్ళిచూపుల్లో చేతి మీది మచ్చ కనపడకుండా కొంగు సర్దడం కూడా ఆ కోవలోదేనేమో. ఎవరికి వారే చూసుకోవాలి.

మర్నాడు వాడు బండి మీద, మేము కారులో హుజూర్‌నగర్ మీదుగా మిర్యాలగూడ బయల్దేరాం. పొద్దుగూకింది. మిల్లులకి ధాన్యం వేసుకుపోయే ట్రాక్టర్లు దారిపొడుగునా ఉన్నాయి. కొన్నిటికి వెనక దీపమే లేదు. ముందు పోతున్న మా వాడి హెడ్‌లైటు వెలుగు వాటిమీద పడితే గానీ అక్కడ ట్రాక్టరుందని తెలియడం లేదు. రేపు గుమాస్తాగారి అబ్బాయి ఇదే దారిలో వస్తూంటే ఫ్యూజు పోయి ఆ దీపం ఆరిపోతే? చీకట్లో బండి ఆపి, కంపెనీవారి పుస్తకంలో చూపించిన చోట వెతుకుతాడు. అక్కడ ఏమీ ఉండదు. ఇంతవరకు నేను నీతి మాట్లాడుతున్నాననుకున్నాను. ఆ దారి చూశాక ఇది నీతిగా తోచలేదు, ఒక పిల్లవాడుగా తోచింది.

వాళ్ళింట్లో టీ తాగుతుండగా మా వాడు నా ముఖంకేసి ఒకసారి చూసి, అన్నీ చెప్పేశాడు. రెగ్యులేటరు మాడిపోయిన సంగతి, బ్యాటరీ ఆయువు తగ్గిన సంగతి, అతుకుల సంగతి. కాగితం తీసుకుని బండి బొమ్మ గీసి ఏ ఫ్యూజు ఎక్కడుందో, ఏ రంగు తీగె ఎటు పోతుందో గుర్తులు పెట్టాడు. గుమాస్తాగారు కాసేపు ఆలోచించి, "బ్యాటరీ మార్చాలి, అతుకులు మళ్ళీ చూపించాలి. ఎనభై రెండు ఇస్తానమ్మా" అన్నారు. ఎనిమిది వేలు పోయాయి. పోయినందుకు నేనేమీ ఆనందపడలేదు, బాధపడ్డాను. ఆయన ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి ఆర్.సి.తోపాటు కవరులో దాచుకున్నారు.

సూర్యాపేట రాగానే చెప్పులు విడవకుండానే పైకి వెళ్ళాను. అద్దెకున్న అమ్మాయి బట్టలు మడత పెడుతోంది. "అమ్మాయ్, ఆ బీరువా వెనక గోడ..." అని నసిగాను.

"చెమ్మా ఆంటీ? మొదటి వానకే తెలిసింది. మీరు బాధపడతారని మేమే చెప్పలేదు" అంది.

మేస్త్రీని పిలిపించాను. ఆదివారం వస్తానన్నాడు.