వాన, కర్మ, ఈశ్వరుడు

కరువు వచ్చినా వరద వచ్చినా ఊళ్లలో ముందు వినిపించే ప్రశ్న ఒకటే: ఎవరి పాపం ఇది? వాన రాకపోవడం, వచ్చి ముంచడం, పిడుగై చేలో మనిషిని చంపడం ఈశ్వరుడి తీర్పులా, కర్మఫలాలా, కేవలం ప్రకృతి పనులా? భారతీయ దర్శనాలు దీనికి ఏకాభిప్రాయంతో జవాబు చెప్పలేదు. ఆ జవాబులను కర్నూలు పడమటి నేల మీద పెట్టి చూస్తే వాటి బలాబలాలు బాగా తెలుస్తాయి.

మద్దికెర, పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం పడమటి కనుమల వానచాటున ఉంది. నైరుతి ఇక్కడికి చేరేసరికి ఉడిగిపోతుంది, ఈశాన్యం ఇంత లోపలికి నమ్మకంగా రాదు. ఉమ్మడి కర్నూలు జిల్లా సగటు వర్షపాతం 670 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే పడమటి మండలాలకు అదీ దక్కదు. శనక్కాయ, పత్తి, కంది అన్నీ ఆకాశం వైపు చూసే పంటలే. తొలకరి గట్టిగా పడితే పదునులో విత్తేవాళ్లు విత్తుతారు. మద్దికెర, తుగ్గలి, జొన్నగిరి చేలలో మట్టి కొట్టుకుపోయి వజ్రం బయటపడుతుందేమోనని వెతికేవాళ్లు వెతుకుతారు. ఒకే వాన ఒకడికి పంట, ఒకడికి వజ్రం, ఇంకొకడికి పిడుగు.

1876-78 కరువులో కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గిపోయిందని 1871, 1881 జనగణనలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. (ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలో ఉండేది, ఆ జిల్లా కూడా అంతే నలిగింది.) ఇలాంటి కరువుల్లో రోకలికి కప్పను కట్టి ఇంటింటా నీళ్లు పోయించుకోవడం, గుడిలో విరాటపర్వం చదివించడం వంటివి తెలుగునాట వాన కోసం చేసే పనులు. వీటిలో తప్పు ఒప్పుకోవడం కన్నా అడుక్కోవడమే ఎక్కువ. పండితుల పాపచర్చ వేరు, పల్లె మొక్కుబడి వేరు.

2009లో ఈ ప్రశ్న నేరుగా మంత్రాలయం మఠం గడపకే వచ్చింది. ఆ ఏడు దేశమంతటా నైరుతి వానలు సుమారు 22 శాతం తక్కువ పడ్డాయి. సెప్టెంబరు ఆఖరున బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి కృష్ణా, తుంగభద్ర పరీవాహకాల మీద కుండపోత కురిసింది. అక్టోబరు మొదటి రెండు రోజుల్లో తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచెత్తింది, రాఘవేంద్రస్వామి మఠంలోకి నీళ్లు చేరాయి. తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. సుమారు 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలం ఆనకట్టకు 25 లక్షలకు పైగా వరద వచ్చింది. మొక్కుకోవడానికి వచ్చిన భక్తులూ ఆ నీళ్లలోనే చిక్కుకున్నారు.

ఆ మఠం సంప్రదాయమైన ద్వైతం ఈ సందర్భానికి ఏం చెబుతుంది? ఈశ్వరుడొక్కడే స్వతంత్రుడు. జీవులు, జడప్రపంచం అతనికి అధీనాలు, కానీ సత్యాలు. కనుక వరద మాయ కాదు, అందులో పోయిన ప్రాణమూ మాయ కాదు. జీవుల కర్మ అనాది; దాన్నిబట్టే ఫలమిస్తాడు కనుక ఈశ్వరుడికి పక్షపాతం, క్రూరత్వం అంటవు. ఈ చర్చకు మూలం బ్రహ్మసూత్రాల రెండో అధ్యాయం మొదటి పాదంలో ఉంది. అక్కడ శంకరుడి భాష్యం ఇచ్చిన ఉదాహరణ వానే: వడ్లకూ యవలకూ వాన ఒక్కటే, మొలకలో తేడా విత్తనానిది, అలాగే సృష్టికి ఈశ్వరుడు సమాన కారణం, హెచ్చుతగ్గులు జీవుల కర్మవి.

ఉపమానం అందంగానే ఉంది. అయితే అది అందరికీ సమంగా కురిసే వానను ముందే ఒప్పుకుని మొదలవుతుంది. పడమటి కర్నూలులో సంజాయిషీ కావలసింది విత్తనానికి కాదు, వానకే. దానికీ కర్మే కారణమంటే ఒక జిల్లా మొత్తం ఒకే ఫలాన్ని ఒకే రోజు అనుభవించే కర్మను కూడబెట్టుకుందని చెప్పవలసి వస్తుంది. తర్కానికి అది అసాధ్యం కాదు. కానీ ఎవరి ఏ పనికి ఏ ఫలమో చూపలేని కారణం ఓదార్పుకు పనికొస్తుంది, నేరారోపణకు పనికిరాదు.

బౌద్ధం ఈ చిక్కును ముందే చూసింది. పాళీ సంయుక్తనికాయంలో శివకుడనే పరివ్రాజకుడు అడిగినప్పుడు, అనుభవించేదంతా పూర్వకర్మ ఫలమే అనడం సరికాదంటాడు బుద్ధుడు. వాత పిత్త శ్లేష్మాలను, రుతువుల మార్పును, అజాగ్రత్తను కర్మకు పక్కన వేరే కారణాలుగా లెక్కపెడతాడు.

1934 జనవరి 15న బిహార్ భూకంపం వచ్చినప్పుడు ఇదే వాదం మళ్లీ లేచింది. అది అస్పృశ్యతా పాపానికి దేవుడు వేసిన శిక్ష అన్నాడు గాంధీ. అస్పృశ్యతను తానూ వ్యతిరేకించే టాగోర్ ఆ మాటను గట్టిగా ఖండించాడు: ఈ తర్కం గాంధీ కన్నా ఆయన ప్రత్యర్థులకే బాగా నప్పుతుంది, భూకంపానికి ఆయన ఉద్యమమే కారణమని వాళ్లూ అనగలరు. గాంధీ ఆ ఖండనను తన హరిజన్ పత్రికలోనే అచ్చువేశాడు. ఈ వాదంలో టాగోర్‌దే పైచేయి. చనిపోయినవాళ్లలో అస్పృశ్యులూ ఉంటారు గదా!

ఈశ్వరుడి బాధ్యతను గురించిన వాదం సాగుతుండగానే మనుషుల బాధ్యత కాగితం మీదికి ఎక్కింది. 1876-78 కరువు తర్వాత 1880లో కరువు కమిషన్ నివేదిక, దాని వెంట కరువు నియమావళులు వచ్చాయి. 2009 వరద తర్వాత జలాశయాల నిర్వహణ మీద విమర్శలు వచ్చాయి. అప్పటికే అమల్లో ఉన్న 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టం ప్రకృతిని, మనిషి చేతలను, ప్రమాదాన్ని, నిర్లక్ష్యాన్ని విపత్తుకు కారణాలుగా ఒకే నిర్వచనంలో చెబుతుంది. పాపం ఆ జాబితాలో లేదు.