బొంతలో ఒక చొక్కా

గతించినవారి వస్త్రమును దాచుకొనుట ప్రేమయా, ఇచ్చివేయుట ప్రేమయా?

మొన్న దోర్నకల్ దేవాలయపు ఆవరణలో మా సంఘస్త్రీలు, చలికి వణకు ఒక ముసలమ్మ కొరకు పాత చీరలతో బొంత కుట్టుచుండిరి. ఒక తల్లి చనిపోయిన కుమారుని చొక్కా తెచ్చెను గాని కత్తెరకు ఇయ్యలేకపోయెను. మేము బలవంతపెట్టలేదు. యొప్పేలో విధవరాండ్రు దొర్కా కుట్టిన అంగీలను చూపుచు ఏడ్చిరి గదా. పేతురు వారిని గద్దించెనా? దాచుకొనుట పాపమని నేననను.

మధ్యాహ్నము గుడిలోనికి పోతిమి. 1939లో ప్రతిష్ఠింపబడిన ఆ మందిరములో బిషప్ అజరయ్య గారు హిందూ, మహమ్మదీయ శిల్పరీతులను సిలువ నీడను కలిపిరి. ఆమె స్తంభములను చాలసేపు చూచి, "ఇదియు బొంతయే గదా, అయ్యగారూ" అనెను.

బయటికి వచ్చి, చొక్కాను కత్తిరింపకయే బొంత నడుమ పరచి, చేతులు మడిచి, తానే కుట్టెను. గుండీలు మాత్రము తెంపి కొంగున ముడివేసికొనెను.