చర్మం కింది మందు: అనుమానానికి హద్దు ఎక్కడ?

చర్మం కింద ఎక్కించిన మందు కణజాలాన్ని ఏం చేస్తుందో కంటికి కనబడదు. గణిత సమీకరణంతోనో, జంతువు మీదనో, ప్రయోగశాలలో పెంచిన కణజాలం మీదనో నమూనా కట్టి దాన్ని ఊహిస్తారు. చూసిన గుర్తును బట్టి చూడనిదాన్ని నిర్ణయించే ఈ పద్ధతిని న్యాయదర్శనం అనుమాన ప్రమాణం అంటుంది. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చన్నది వైద్యానికి ఎంత ప్రశ్నో తత్త్వశాస్త్రానికీ అంతే ప్రశ్న.

చర్మం కింది పొరలో కొవ్వు కణాలు, కొల్లాజెన్ పోగులు, వాటి నడుమ హయలురోనిక్ ఆమ్లంతో కూడిన జిగురు పదార్థం, రక్తకేశనాళికలు, శోషరస నాళాలు ఉంటాయి. ఇన్సులిన్ వంటి చిన్న అణువులు కేశనాళికల గోడ దాటి రక్తంలో కలుస్తాయి. ప్రతిరక్షకాల వంటి పెద్ద అణువులు ఎక్కువగా శోషరసం దారిన నెమ్మదిగా వెళతాయి. ఈ పొరనంతా ఒకే పాత్రగా భావించి, మందు ఒకే రేటున ఖాళీ అవుతుందనుకోవడం సరళమైన నమూనా. ఇసుక గుండా నీటి ప్రవాహానికి ఫ్రెంచ్ ఇంజనీరు డార్సీ 1856లో ప్రకటించిన నియమాన్ని కణజాలానికి వర్తింపజేసేది అంతకంటే వివరమైనది. అయితే వివరం పెరిగినంత మాత్రాన సత్యం పెరగదు. ప్రతి వివరానికీ ఒక కొలత కావాలి. ఆ కొలత చాలాసార్లు వేరే శరీరం నుంచి వస్తుంది.

17వ శతాబ్దిలో తర్కసంగ్రహం రాసిన తెలుగువాడు అన్నంభట్టు ఈ ప్రమాదాన్ని ఉపాధి అనే దోషంగా వివరించాడు. నిప్పు ఉంది కాబట్టి పొగ ఉండాలనడం తప్పు. తడి కట్టె ఉంటేనే పొగ వస్తుంది. తర్కంలో పైకి చెప్పని ఆ తడి కట్టే ఉపాధి. ఎలుక చర్మం వదులుగా ఉంటుంది, దాని కింద పలుచని కండర పొర ఉంటుంది. మనిషి చర్మం కింది పొరకు గట్టిగా అంటి ఉంటుంది; ఈ విషయంలో పంది మనిషికి దగ్గర. ఎలుక ఓర్చుకున్న మందును మనిషీ ఓర్చుకుంటాడనే వాదంలో ఇలాంటి ఉపాధి దాగి ఉండవచ్చు.

మనుషుల విషయంలోనూ ఇది తప్పదు. ఇన్సులిన్ పొట్ట దగ్గర త్వరగా, తొడలో ఆలస్యంగా ఇంకుతుంది. వేడి తగిలితే వేగం పెరుగుతుంది. ఒకే చోట పదే పదే సూది వేస్తే అక్కడ కొవ్వు గడ్డ కడుతుంది. ఆ గడ్డలో నొప్పి తక్కువ కాబట్టి రోగి మళ్లీ అక్కడే పొడుచుకుంటాడు, మందు మాత్రం అస్తవ్యస్తంగా ఇంకుతుంది. మందు కణజాలాన్ని మార్చింది, మారిన కణజాలం మందు దారిని మార్చింది. కణజాలాన్ని ఉత్త దారిగానే లెక్కించే నమూనాకు ఈ పరస్పర సంబంధం అందదు. మందు శుద్ధత కూడా ఇలాంటి ఉపాధే. 1922 జనవరి 11న టొరంటోలో లియొనార్డ్ థాంప్సన్ అనే బాలుడికి ఇన్సులిన్ సారం తొలిసారి ఎక్కించినప్పుడు చక్కెర కొద్దిగానే తగ్గింది, సూది వేసిన చోట గడ్డ లేచింది. జీవరసాయన శాస్త్రజ్ఞుడు కాలిప్ శుద్ధి చేసిన సారం ఆ నెల 23 నుంచి ఇచ్చాకే ఫలితం స్పష్టమైంది.

గుర్తుకూ, దాన్ని బట్టి ఊహించేదానికీ మధ్య ఉండే తప్పని సంబంధాన్ని, అంటే వ్యాప్తిని, ఎన్నడూ పూర్తిగా నిర్ధారించలేం కాబట్టి అనుమానమే చెల్లదన్నారు చార్వాకులు. సందేహం మనిషి తన నడవడితో తానే విభేదించే చోట ఆగిపోవాలని నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో బదులిచ్చాడు. మధుమేహ రోగి సందేహిస్తూ కూర్చుంటే బతకడు. కాబట్టి నమూనా కావాలి. దాని ఉపాధిని వెతకడం మాత్రం మానకూడదు.

జంతువుల బాధ ఈ ప్రశ్నకు రెండో ముఖం. ప్రయోగాల్లో జంతువులకు ప్రత్యామ్నాయం వెతకాలి, వాటి సంఖ్య తగ్గించాలి, బాధ తగ్గేలా పద్ధతి మెరుగుపరచాలి అని శాస్త్రవేత్తలు రసెల్, బర్చ్ 1959లో ప్రతిపాదించారు. జంతురహిత పరీక్షలకు అమెరికా 2022 డిసెంబరులో, భారతదేశం 2023లో చట్టపరంగా దారి తెరిచాయి. ఇది అహింస వైపు మంచి అడుగు. అయినా జంతువును తప్పించినంత మాత్రాన అనుమానం ప్రత్యక్షం కాదు. చెప్పని ఉపాధి ఉంటే దాని భారం మొదటి మానవ వాలంటీరు మీద పడుతుంది. అందుకే నమూనా సమర్పించేవారు ఏ శరీరం, ఏ చోటు, ఏ వయసు కణజాలం నుంచి కొలతలు తీసుకున్నారో ముందే రాయాలి. అనుమతి ఇచ్చేవారు అది అడిగి తీరాలి.