నిశ్శబ్దమైన అసత్యము

జంషెడ్‌పూరునందు టాటానగరు రైల్వే స్టేషనుకు చేరువనున్న పేట బాగ్‌బేరా. 1919 వరకు ఆ స్టేషను పేరు కాళీమాటి. ఉక్కు కర్మాగారపు పనికై వచ్చిన తెలుగు కుటుంబములు ఈ నగరమున తరతరములుగా నిలిచియున్నవి. 1954లో ఇచ్చట డైమ్లర్-బెంజి వారి సహకారముతో లారీల తయారీ ఆరంభమైనది. బండి మరమ్మతు ఎరిగిన చేతులకు ఈ ఊర కొదువ లేదు. అట్టి మేస్త్రీ యొకడు, వృద్ధుడు, తెలుగువాడు, బాగ్‌బేరాలో నాకు చెప్పిన సంగతినుండి ఈ విచారము పుట్టినది.

ఒక యజమాని తన పికప్ బండిని తెచ్చి, "కమాను కట్టలు కిర్రుమంటున్నవి మేస్త్రీగారూ, రేపు బేరగాడు వచ్చును. చప్పుడు మానిన చాలును" అనెనట.

కమాను కట్ట యనగా వంపుగల ఉక్కు పట్టీలను ఒకదానిపై నొకటి పేర్చి నడుమ బోల్టుతో బిగించినది. బరువు పడినపుడు వంపు తగ్గి పట్టీలు ఒకదానిపై నొకటి జారును. ఆ ఒరపిడి కొంతవరకు మేలే. బండి ఊగులాటను అణచునది అదియే. తుప్పు పట్టి దుమ్ము చొచ్చినపుడు మాత్రము పట్టీ పట్టుకొని, విడిచి, మరల పట్టుకొనును. అదియే కిర్రుమను ధ్వని. చట్రమును జాకీతో ఎత్తి, ఇరుసు బరువుకు పట్టీలు ఎడమైనపుడు తుప్పు గీకి, గ్రాఫైటు కలిసిన గ్రీజు పట్టించుట సరియైన పని. వాడిన ఇంజను నూనె కుమ్మరించినను చప్పుడు మానును; కాని ఆ నూనె దుమ్మును పట్టి ఉక్కును అరగదీయును, రబ్బరు బుష్షులను చెరచును. ఫలము కొలది దినములే.

మేస్త్రీ ఒక ప్రక్క కట్టను గీకగా నడుమ బోల్టు రంధ్రము కడ ఒక పట్టీకి పగులు కనబడినది. "దాని మాట మీకెందుకు? నూనె పోసి బిగించండి" అనెనట యజమాని.

నూనె పోసిన వాడు అబద్ధమాడినట్లా? అతడు ఒక్క మాటయు పలుకలేదు. సొత్తు యజమానిది, ఆజ్ఞ యజమానిది. కూలివానికి పూచీ యేమి యని అడుగువారు కలరు. కూలితో ఇల్లు గడుపుకొనువాని విషయమున ఆ వాదమును నేను తేలికగా త్రోసివేయజాలను.

అయినను యోగసూత్రముల వ్యాసభాష్యము సత్యమును వేరొక చోట వెదకినది. తన ఎరుకను ఎదుటివానికి అందించుటకే వాక్కు. అది వంచించునదైనచో సత్యము కాదు. వాచస్పతి మిశ్రుడు దీనికి ధర్మరాజునే ఉదాహరణముగా చూపెను. అశ్వత్థామ యను ఏనుగు నిజముగనే చచ్చినది; మాటలో తప్పు లేదు. వినవలసినవాడు వినరానట్లు 'ఏనుగు' అను పదమును లోగొంతుకతో పలికినందున, అంతవరకు భూమికి నాలుగంగుళముల ఎత్తున నడచిన రథము నేలనంటినది. (నేలనంటని చక్రమునకు కిర్రు లేదు గదా!) పదమును మరుగుపరచుటయే అంతటిదైనచో, రేపటి బేరగానికి బండి చెప్పగల ఒకే ఒక్క మాటను నూనెతో నొక్కివేయుట వేరగునా?

ఇందొక చిక్కు కలదు. కిర్రుమను కట్టలన్నియు పగిలినవి కావు. పగిలిన పట్టీ మూగయై యుండవచ్చును. మన అంతఃకరణపు ములుకులును ఇట్టివే: కొన్ని తుప్పు, కొన్ని పగులు. కనుక చప్పుడు మాన్పుట పాపము కాదు, విప్పి చూడక మాన్పుట, చూచియు మాన్పుట, ఈ రెండును వేరు వేరు దోషములు.

మేస్త్రీ, పట్టీ మార్చనిదే కట్ట బిగించనని చెప్పెనట. యజమాని తన కుఱ్ఱవానిచేత బోల్టులు బిగింపించి, కూలి ఈయకయే వెడలినాడు. రెండవ ప్రక్క కిర్రుమనుచునే యుండెను.

"కొన్నవానిని వెదకి చెప్పలేకపోతివా?" అని అడిగితిని.

"ఊరు తెలియదు, పేరు తెలియదు స్వామీ. ఆ రంగు బండి ఎక్కడ ఆగినా నేటికిని వంగి చూచుచున్నాను" అనెను.