ఆటిజం – ఈమాన్

ఎదుటివారి మనసునే పోల్చుకోలేని బిడ్డ అగోచరుడైన అల్లాహ్‌ను ఎలా విశ్వసిస్తాడు? ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు ఇదొక బెంగ. ఆటిజం ఉన్నవారిలో దైవవిశ్వాసం సగటున తక్కువని 2012లో కెనడా, అమెరికా పరిశోధకులు కూడా రాశారు. అయితే సగటు ఏ ఒక్కరి హృదయాన్నీ తెలుపదు. పైగా అల్లాహ్‌ను పోలినదేదీ లేదని దివ్య ఖుర్ఆన్ (42:11) అంటోంది. ఆయనను మనిషి మనసులా ఊహించుకోమని మనకెవరికీ ఆదేశం లేదు.

నిద్రలో ఉన్నవాడు, పసివాడు, మతిలేనివాడు – ఈ ముగ్గురి కర్మలను కలం రాయదని దైవప్రవక్త (స) తెలిపారు. ఈ హదీసు పట్టుకొని "వాడికి నమాజు ఎందుకులే" అంటాం. ఆటిజం మతిభ్రమణం కాదే! మాట రాకున్నా విషయం గ్రహించేవారున్నారు. గ్రహింపు ఎంతో బాధ్యతా అంతే (2:286). అవే వేళలు, అవే పలుకులు, అదే వరుస: నమాజులోని ఈ క్రమం కొందరికి ఊరట కూడా. భరించలేనిది జుమా రద్దీ, మైకు హోరు.

అంధుడైన అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) మదీనాలో అజాన్ పలికేవారు. మరి 1324 నాటి శాసనమున్న రాజమండ్రి మస్జిద్ మొదలు కోనసీమ పల్లె మస్జిద్‌ల దాకా, చెవులు మూసుకొని అరిచే బిడ్డకు వెనుక వరుసలో చోటిస్తున్నామా, తండ్రిని బయటికి పొమ్మంటున్నామా? మైకు కాస్త తగ్గించటం ముతవల్లీల చేతిలో పనే.