మన ఇంటి ఎబెనేసెరు



"మా కష్టకాలంలో దేవుడెక్కడున్నాడు ఫాదర్‌గారూ?" అప్పులపాలై పొలం అమ్ముకున్న ఇంటి తల్లి నన్నడిగింది. వెంటనే జవాబు చెప్పలేకపోయాను.

సమూయేలు మొదటి గ్రంథం తెరవండి. 4వ అధ్యాయంలో యిస్రాయేలీయులు ఎబెనేసెరు వద్ద దిగి ఫిలిస్తీయుల చేతిలో ఓడిపోయారు. 30,000 మంది కూలారు. మందసం శత్రువుల పాలైంది. యాజకుడైన ఏలీ కుమారులిద్దరూ ఒకేనాడు మరణించారు. 20 ఏండ్ల దుఃఖం తర్వాత, 7వ అధ్యాయంలో, ప్రభువు విజయమిచ్చాడు. అప్పుడు సమూయేలు ఒక రాతిని నిలిపి దానికి పెట్టిన పేరు కూడా ఎబెనేసెరే! 'సహాయశిల' అని దాని అర్థం. ఓటమిని తలపించే పేరే కృతజ్ఞతకు గురుతైంది.

విశ్వాసమంటే గాయాన్ని మరచిపోవడం కాదు. ఆ గాయం దగ్గరే దేవుని విశ్వసనీయతను గుర్తించడం. కొంతసేపటికి ఆ తల్లే అన్నది: "పిల్లల ఫీజు మా అన్న కట్టాడు. పక్కింటివారు బియ్యం పంపారు. జపమాల ఒక్కరోజూ మానలేదు." అమ్మా, దేవుడున్నది అక్కడే.

ఈ రాత్రి కుటుంబ ప్రార్థన ముగిశాక మీ ఇంటి కష్టదినమొకటి పిల్లలకు చెప్పండి. ఆనాడు మీ గడపకు వచ్చిన సాయాన్నీ చెప్పండి. అదే మీ ఎబెనేసెరు. ఆమెన్.